చెన్నైలో ఐస్ హౌస్ అంటే ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి

అమ్మ కంటి ఆపరేషన్ కోసం పోయిన వారం కడప నుంచి చెన్నై పోయాం. ట్రిప్లికేన్ దాటుతుంటే ఆటో అతను ఐస్ హౌస్ అన్నాడు, పోలీస్ స్టేషన్ బోర్డు మీదా అదే పేరు. తీరా చూస్తే మెరీనాకు ఎదురుగా గుండ్రటి మేడ, దాని మీద వివేకానందుల పేరు. ఐసుకీ స్వామీజీకీ ఏం సంబంధం?

జవాబు 1 (కర్నూలు):
అది నిజంగానే ఐసు గోదాము అన్నా. 1842లో అమెరికా వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ కంపెనీ కట్టించింది. బోస్టన్ దగ్గర చెరువులు చలికి గడ్డకడితే రంపాలతో కోసి, రంపపు పొట్టు కప్పి, నెలల తరబడి ఓడలో తెచ్చేవాళ్లు. అప్పటికి మద్రాసులో హార్బర్ లేదు, ఓడ దూరంగా ఆగితే సరుకంతా మసూలా పడవల్లో అలల మీదుగా ఒడ్డుకు చేర్చాలి. మన ఎండల్లో అది కరగకుండా రావడమే గొప్ప! ఇక్కడే మిషన్లతో ఐసు చేయడం వచ్చాక ఆ వ్యాపారం పడిపోయింది. బిళిగిరి అయ్యంగార్ అనే లాయరు కొని, కిటికీలూ వరండాలూ పెట్టించి ఇల్లు చేసుకున్నారు. 1897 ఫిబ్రవరిలో వివేకానందులు విదేశాల నుంచి తిరిగొచ్చి అక్కడే తొమ్మిది రోజులున్నారు. మద్రాసు రామకృష్ణ మఠం మొదట్లో నడిచిందీ ఆ ఇంట్లోనే.

జవాబు 2 (అనంతపురం):
అసలైంది వదిలేశారు తమ్ముడూ. తర్వాత ఆ మేడలోనే సోదరి సుబ్బలక్ష్మి గారు బాలవితంతువులను పెట్టుకుని చదివించారు. ఆవిడకూ చిన్నప్పుడే భర్త పోయాడు, అయినా 1911లో డిగ్రీ చేశారు. మా జేజి వాళ్లక్క పన్నెండేళ్లకే గుండుతో, తెల్లచీరతో వెనకింట్లో కూర్చుంది, పలక పట్టింది లేదు. అలాంటి పిల్లలు సముద్రం చూస్తూ చదువుకున్న ఇల్లది. స్వామీజీ ఉన్నది తొమ్మిది రోజులు, వీళ్లు ఏళ్ల తరబడి ఉన్నారు, వాళ్ల గురించి కూడా చెప్పాలి కదా.

జవాబు 3 (కడప):
వివేకానందుల పేరు పెట్టింది 1963లో, రామకృష్ణ మఠానికి లీజుకిచ్చింది 1997లో. ఇప్పుడు లోపల ఎగ్జిబిషన్ ఉంది. జనం నోట్లో మాత్రం ఇంకా ఐస్ హౌసే. మన కడపలో తెలుగు నిఘంటువు రాసిన సి.పి. బ్రౌన్ దొర బంగళాకు ఆ అదృష్టం లేదు. పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు సరిచేయించిన చోటు, మొండిగోడలే మిగిలాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టబట్టే ఈ రోజు అక్కడ లైబ్రరీ ఉంది.

అడిగినవాడు:
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నలూ. వచ్చే నెల చెకప్‌కు పోవాలి, ఈసారి అమ్మను లోపలికి తీసుకుపోతా. అప్పటికి ఆ కంటి పట్టీ కూడా తీసేసి ఉంటారు.