అప్‌డేట్: అకౌంటెంట్ రెజ్యూమె మార్చాక ఏమైందంటే

బీకాం చదివి, ఆడిటర్ గారి దగ్గర పనిచేసిన అనుభవం ఉన్నా ఒక్క కాల్ రావట్లేదు, రెజ్యూమెలో ఏం మార్చాలి అని అడిగాను కదా. మీరన్నట్టే నాన్నగారి పేరు, హాబీలు, డిక్లరేషన్ తీసేసి ఒక్క పేజీకి కుదించాను. ‘కష్టపడి పనిచేస్తాను’ అన్న చోట ఇప్పుడు ‘ట్యాలీలో కొనుగోలు ఎంట్రీలు, జీఎస్టీఆర్-2బీతో సరిచూడటం, ప్రతి నెలా 20లోగా 3బీ ఫైలింగ్’ అని ఉంది. (ట్యాలీ అంటే లెక్కల సాఫ్ట్‌వేర్, 2బీ అంటే సప్లయర్లు చూపించిన బిల్లులతో మనకొచ్చే జీఎస్టీ స్టేట్‌మెంట్, 3బీ అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్న్.)

కాల్స్ మొదలయ్యాయి. విజయవాడ ఇంటర్వ్యూలో సరిగ్గా ఆ లైన్ మీదే వేలు పెట్టి, “సప్లయర్ బిల్లు 2బీలో కనపడకపోతే?” అన్నారు. తన అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఎక్కించమని సప్లయర్‌కి ఫోన్ చేస్తాను, అందాకా ఆ బిల్లు మీది జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకునే క్రెడిట్ తీసుకోను అని చెప్పాను. హాబీల ఊసే ఎత్తలేదు లెండి.

ఆఫర్ వచ్చింది. జీతం అనుకున్నంత లేదు గానీ ఒకటో తారీఖున చేరుతున్నా. రెజ్యూమెలోంచి ఫోటో మాత్రం తీసేయలేదు, అమ్మ ఒప్పుకోలేదు.