గూగుల్ షీట్‌లో కొబ్బరి లెక్క: ఎవరైనా అంకె మార్చేస్తే?

అంబాజీపేట గుమస్తా:
మా కొబ్బరి కొట్టులో గూగుల్ షీట్స్ ట్రైనింగ్ పెట్టారండి. చెప్పిన కుర్రాడు చురుకైనవాడే గానీ ఉదాహరణలన్నీ సినిమా టికెట్లవే. దింపు కూలీ, వలుపు కూలీ, లారీ కిరాయి ఎలా వేసుకోవాలో మనమే తేల్చుకోవాలి. నచ్చిందేంటంటే, తోటలోంచి మేస్త్రి ఫోన్లో లెక్క కొడితే ఇక్కడ నా కళ్లముందే పడుతోంది. ఒకటే టెన్షన్. ఎవరైనా అంకె మార్చేస్తే?

పాలకొల్లు రైస్‌మిల్లు:
ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ చూడండి. ఎవరు ఎప్పుడు మార్చారో తెలుస్తుంది, పాతది మళ్లీ తెచ్చుకోవచ్చు. మొత్తాల గడుల్ని వేరేవాళ్లు మార్చకుండా డేటా మెనూలోంచి ప్రొటెక్ట్ పెట్టేయండి.

భీమవరం చెరువులు:
సిగ్నల్ సంగతి కూడా చూసుకోండి గురువుగారూ. నెట్ లేకపోయినా తెరుచుకునేలా ఫోన్ యాప్‌లో ఆ ఫైలుని ఆఫ్‌లైన్‌కి ముందే పెట్టి ఉంచాలి. నెట్ రాగానే కొట్టిన లెక్క దానంతటదే షీట్‌లోకి ఎక్కేస్తుంది. మా రొయ్యల మేత లెక్క అలాగే నడుస్తోంది.

అంబాజీపేట గుమస్తా:
ప్రొటెక్ట్ పెట్టేశానండి, థాంక్స్. మా షావుకారు గారు మాత్రం చిట్టా పుస్తకం సంక్రాంతి దాకా మానొద్దన్నారు. షీట్‌లో ఆయన సంతకం ఎక్కడ పెట్టాలని అడుగుతున్నారు, ఏం చెప్పమంటారు?