నవంబరు చివర్లో జపాన్: అమ్మానాన్నలతో కోటలు, గుళ్లు, మెట్ల సంగతి

నల్లకుంట_నాని:
నవంబరు 25న ఒసాకాలో దిగుతున్నాం. అమ్మ, నాన్న, మా ఆవిడ, నేను. డిసెంబరు 3న తిరుగు ప్రయాణం. ఎర్రాకుల సీజన్ చూసుకునే టికెట్లు తీశాను. నాన్నకి కోటల పిచ్చి, గోల్కొండకి తీసుకెళ్తే గైడుకే పాఠం చెప్పి వస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. హిమేజీ కోట పెట్టుకోవచ్చా? క్యోటోలో ఏ గుడికి ఎప్పుడెళ్తే జనం తక్కువ? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, వీడియోలు చూసి చూసి బుర్ర వేడెక్కింది.

ఒసాకా_అత్తమ్మ:
హిమేజీ తప్పకుండా పెట్టుకో బాబూ, కానీ అమ్మగారిని మాత్రం పైకి ఎక్కించకు. బయటికి ఐదంతస్తుల్లా కనిపిస్తుంది గానీ లోపల ఆరు, కింద నేలమాళిగ ఒకటి. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి సంచిలో వేసుకుని చేత్తో మోసుకుంటూ తిరగాలి, మెట్లేమో అటక మీదికి వేసిన నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, నున్నగా అరిగిన చెక్క మీద సాక్సులతో దిగుతుంటే ఒక చేయి కటకటాకి, ఇంకో చేయి బూట్ల సంచికి, ఇంక ఫోను తీసే ముచ్చటే లేదు. నాన్నగారు వెళ్లొచ్చేదాకా అమ్మగారిని పక్కనే ఉన్న కోకోఎన్ తోటలో కూర్చోబెట్టు. చెరువు చుట్టూ మేపుల్ చెట్లు, ఆకు రాలి నీళ్లలో పడితే కింద రంగురంగుల చేపలు. మాకైతే కోట కన్నా అదే నచ్చింది.

టోక్యో_తెలుగోడు:
అత్తమ్మ గారు చెప్పింది కరెక్టే. అన్నా, టికెట్ ధర చూస్కో. పాత వీడియోల్లో 1,000 యెన్లు అంటారు, 2026 మార్చి నుంచి ఆ రేటు ఆ ఊరివాళ్లకే, మనకి 2,500. అయినా ఇవ్వొచ్చు. 1609 నాటి చెక్క కట్టడం, రెండో ప్రపంచ యుద్ధంలో ఊరంతా కాలిపోయినా ఇది నిలబడింది. పాతకాలం ప్రధాన బురుజు అలాగే మిగిలిన కోటలు దేశం మొత్తంలో 12 మాత్రమే. ఒసాకా కోట పేరుకే కోట, 1931లో కాంక్రీటుతో కట్టి లోపల మ్యూజియం పెట్టారు. నాన్నగారు లోపలికెళ్లాక "ఇదేంట్రా, ఆఫీసులా ఉంది" అంటారు, గ్యారంటీ.

ఒసాకా_అత్తమ్మ:
మా ఊరి కోటని అంత మాటనకు నాయనా! లిఫ్ట్ ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది చాలదా? చుట్టూ పార్కులో గింకో చెట్లు పసుపు ముద్దలా ఉంటాయి. ఆ కాయలు మాత్రం తొక్కకండి, ఆ కంపు బూటుని వదలదు.

పెదవాల్తేరు_పద్మ:
క్యోటో సంగతి నేను చెప్తా. తోఫుకుజి గుడి క్యోటో స్టేషన్ నుంచి నారా లైన్లో ఒక్క స్టాపు, బస్సు జోలికే పోవద్దు, ఆ సీజన్లో బస్సులు కదలవు. పొద్దున్న తెరిచేసరికే గేటు దగ్గర ఉండండి, పది దాటితే లోయ మీది వంతెన మీద మనం నడవక్కర్లేదు, జనమే తోసుకెళ్తారు. రద్దీ రోజుల్లో ఆ వంతెన మీద ఫోటోలు తీయనివ్వరు, ఆగితే మైకులో అరుస్తారు, కాబట్టి కళ్లతోనే చూసుకోండి.

సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడిపోతుంది, చాలా గుళ్లు నాలుగింటికే టికెట్లు ఆపేస్తాయి. అప్పుడు ఎయికాన్‌దో గుడికి వెళ్లండి. పగటివాళ్లని పంపేసి మళ్లీ వేరే టికెట్ మీద రాత్రి లైట్లకి తెరుస్తారు. ఫోటోలకోసం అందరూ చెరువు దగ్గరే ఆగిపోతారు, తిట్టుకోకుండా తప్పుకోండి. పగలు కూడా ఒకసారి వెళ్లి హాల్లో అమిదా బుద్ధుడి విగ్రహాన్ని చూడండి. ఎత్తు 77 సెంటీమీటర్లు, ఎడమ భుజం మీదుగా వెనక్కి తిరిగి చూస్తుంటాడు. ప్రదక్షిణ చేస్తున్న సన్యాసి ఆగిపోతే "ఆలస్యం చేస్తున్నావు" అని తిరిగి చూశాడని కథ. మా అమ్మ అక్కడి నుంచి కదల్లేదు.

మిరపకాయ్_బజ్జీ:
తిండి గురించి ఎవరూ చెప్పలేదేంటి. బ్రో, కూరగాయల సూప్ అన్నా దాంట్లో చేప రసం ఉంటుంది, ఎండబెట్టిన చేప తురుమే వాళ్లకి పోపు. సోబా, ఉడాన్ నూడుల్స్, మిసో సూప్ అన్నిట్లోనూ అంతే. గుళ్ల దగ్గర షోజిన్ ర్యోరి అని సన్యాసుల భోజనం దొరుకుతుంది, చేప, మాంసం లేకుండా చేస్తారు, ముందే బుక్ చేయాలి, రేటు ఎక్కువే. మిగతా పూటలకి ఆవకాయ సీసా, అటుకులు సూట్‌కేసులో వేసేయ్. ఒసాకా దగ్గర మినో జలపాతం దారిలో మేపుల్ ఆకునే తీపి పిండిలో ముంచి వేయించి అమ్ముతారు, ఆకుని ఏడాది పాటు ఉప్పులో నానబెడతారట. పిండిలో ఏముందో అడిగి తిను, కరకరలాడుతుంది, ఆకు రుచి మాత్రం వెతుక్కోవాలి.

నల్లకుంట_నాని:
థాంక్సండీ అందరికీ. మరి అమ్మకి మెట్లు లేకుండా ఏం చూపించను?

టోక్యో_తెలుగోడు:
క్యోటోలో సంజూసంగెన్‌దో గుడి. ఒకటే పొడుగాటి హాలు, నున్నటి నేల, కరుణ చూపే బోధిసత్వుడు కన్నన్ విగ్రహాలు 1,001, కాపలాకి 28 మంది దేవతలు. అందులో ఇంద్రుడున్నాడు, ఫ్లూటు ఊదే గరుడుడున్నాడు. అమ్మగారికి వేరే గైడ్ అక్కర్లేదు. ఫోటోలు నిషేధం, నేల మంచులా ఉంటుంది, మందం సాక్సులు ఇప్పించు.

పెదవాల్తేరు_పద్మ:
క్యోటోలోనే నిజో కోట కూడా. పాత బురుజు 1750లో పిడుగు పడి కాలిపోయింది, ఎక్కాల్సిన పనే లేదు. నినోమారు భవనంలో అడుగేస్తే నేల పిట్టలా కిచకిచలాడుతుంది. చివరి షోగన్, అంటే జపాన్‌ని ఏలిన సైనిక పాలకుడు, 1867లో అధికారం వదులుకుంటున్నానని చెప్పింది అక్కడే, నాన్నగారికి కూడా సరిపోతుంది.

నల్లకుంట_నాని:
సూపర్. డిసెంబరు 1కి పెట్టేస్తున్నా.

పెదవాల్తేరు_పద్మ:
ఆగు, ఈసారి అది మంగళవారం. డిసెంబరులో మంగళవారాలు నినోమారు లోపలికి వదలరు. నవంబరులోనే కానిచ్చెయ్.