మూడు దేశాల నెట్ జీరో దారులను ఒకే పట్టికలో పోల్చడం ఎలా?

తుంగభద్ర_తీరం అడిగిన ప్రశ్న

మా పరిశోధన కేంద్రం భారత్ తరఫున ఒక ఉమ్మడి అధ్యయనంలో చేరుతోంది. మిగతా రెండు బృందాలు జపాన్, ఫ్రాన్స్‌లవి. భారత్ 2070కి, ఆ రెండూ 2050కి కర్బన తటస్థతకు ఏ దారిన చేరతాయో ఎవరి సినారియో (భవిష్యత్తు చిత్రం) వాళ్లు కట్టి, చివర్లో పక్కపక్కన పెట్టి చూడాలి. మాది టైమ్స్ మోడల్, అంటే తక్కువ ఖర్చు ఇంధన వ్యవస్థను వెతికే కంప్యూటర్ నమూనా. ఏడాదికి 12 టైమ్ స్లైస్‌లు, అంటే కాలపు ముక్కలు. జపాన్ వాళ్లది ఎయిమ్. ఫ్రాన్స్ వాళ్లది ఇమాక్లిమ్, అంటే మొత్తం ఆర్థిక వ్యవస్థను చూసే రకం.

అందరం ఒకే మోడల్‌కు మారడం మంచిదా? ఏ అంచనాలు ఉమ్మడిగా ఉండాలి, ఏవి దేశానికి వదిలేయాలి? అంకెలు పక్కపక్కన పెట్టినప్పుడు మామూలుగా ఎక్కడ తేడా కొడతాయి? మొదటి సమావేశంలోపే ఈ సంగతులు తేల్చుకోవాలని ఉంది.

లెక్కలపుస్తకం

మోడల్ మార్చకండి. సిమెంటు భట్టీలు, పాత థర్మల్ యూనిట్లు, వ్యవసాయ మోటార్ల వివరాలన్నీ మీ మోడల్‌లో ఏళ్ల తరబడి పోగైనవి. కొత్తదానికి మారితే మొదట పోయేవి అవే.

దీనికి మంచి ముందుదారి 2013 అక్టోబర్‌లో మొదలైన డీప్ డీకార్బనైజేషన్ పాత్‌వేస్ ప్రాజెక్ట్. పారిస్‌లోని ఇడ్డ్రి అనే విధాన పరిశోధన సంస్థ, ఐరాస ఆధ్వర్యంలోని ఎస్‌డీఎస్‌ఎన్ అనే సుస్థిర అభివృద్ధి వేదిక కలిసి నడిపాయి. 16 దేశాల బృందాలు పాల్గొన్నాయి, ఎవరి మోడల్ వాళ్లదే. భారత్ పని ప్రొఫెసర్ పీఆర్ శుక్లా నాయకత్వంలో ఐఐఎం అహ్మదాబాద్ నుంచి నడిచింది. అక్కడ అందరికీ ఉమ్మడిగా ఉన్నవి రెండే. ఒకటి పద్ధతి: 2050లో ఎక్కడ ఉండాలో ముందు ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ నేటికి రావడం, అంటే బ్యాక్‌కాస్టింగ్. రెండోది ఫలితాలు నింపే ఒకే ఎక్సెల్ డాష్‌బోర్డు. మీకూ కావాల్సింది ఈ రెండోదే. ఒకే మోడల్ అక్కర్లేదు, ఒకే పట్టిక ఉంటే చాలు.

ఉమ్మడిగా పెట్టుకోవాల్సినవి తక్కువే. జనాభా అంచనా ఐరాస మధ్యస్థ అంచనా నుంచి తీసుకోండి. అంతర్జాతీయ చమురు, గ్యాస్ ధరలు, సోలార్ ప్యానెల్, బ్యాటరీ, ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే యంత్రం) లాంటి ప్రపంచ మార్కెట్ వస్తువుల ధరలు, ఏ ఏడాది డాలర్లలో లెక్క అన్నది కూడా ఉమ్మడిగానే తేల్చుకోండి. జీడీపీ వృద్ధి, ఇళ్లు, స్టీల్ గిరాకీ, భూమి లభ్యత, అణు విద్యుత్‌పై విధానం దేశానికే వదలాలి. పారిస్‌లో కూర్చున్నవాళ్లు భారత్‌లో తలసరి స్టీల్ ఎంత పెరుగుతుందో నిర్ణయిస్తే ఆ సినారియోను ఢిల్లీలో ఎవరూ చేత్తో ముట్టుకోరు. జాతీయ బృందం తన ప్రభుత్వం ముందు నిలబడి సమర్థించుకోగలిగిన దారే పనికొచ్చే దారి.

సినారియోలు కూడా మూడు చాలు: ఇప్పుడున్న విధానాలతో ఒకటి, లక్ష్యం చేరేది ఒకటి, అదే లక్ష్యాన్ని కర్బన నిల్వ సాంకేతికత (కార్బన్‌ను పట్టి భూగర్భంలో దాచడం) లేకుండా చేరేది ఇంకొకటి. ఈ మూడోది తప్పకుండా పెట్టండి. ఏ దేశం భూగర్భ నిల్వ మీద ఎంత భారం వేస్తోందో అందులోనే బయటపడుతుంది.

బొగ్గు_లెక్క

పైన చెప్పినదంతా సరే, కానీ తొలి సమావేశం ఎజెండాలో సగం లెక్కల సంప్రదాయాలకు కేటాయించండి. మోడల్ తేడాలని జనం అనుకునేవాటిలో చాలా భాగం నిజానికి ఇవే.

మొదటిది బొగ్గు కేలరీ విలువ. మన గణాంకాలు స్థూల విలువ, అంటే జీసీవీతో ఉంటాయి. ఐరాస వాతావరణ సంఘం ఐపీసీసీ ఉద్గార గుణకాలు నికర విలువ, అంటే నీటి ఆవిరితో పోయే వేడి తీసేసిన ఎన్‌సీవీకి కట్టినవి. ఒక టన్ను దేశీయ బొగ్గు కిలోకు 4,000 కిలోకేలరీలనుకోండి. స్థూలంగా 16.75 గిగాజౌల్స్. నికరం దాదాపు 5 శాతం తక్కువ, 15.9. సబ్ బిటుమినస్ బొగ్గుకు గుణకం గిగాజౌల్‌కు 96.1 కిలోలు కాబట్టి సరైన జవాబు 1.53 టన్నుల కార్బన్ డయాక్సైడ్. స్థూల విలువకే ఆ గుణకం వేస్తే 1.61 వస్తుంది. టన్నుకు 80 కిలోల తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. వంద కోట్ల టన్నుల మీద అది 8 కోట్ల టన్నులు. గ్యాస్‌లో స్థూల, నికర విలువల మధ్య తేడా 10 శాతం దాకా ఉంటుంది.

రెండోది ప్రైమరీ ఎనర్జీ, అంటే కరెంటుగా మారకముందు మూలంలో ఉన్న శక్తి. ఫ్రాన్స్ ఉన్న పట్టికలో ఇది తేల్చకపోతే పోలికే ఉండదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ పద్ధతిలో అణు విద్యుత్‌ను 33 శాతం సామర్థ్యంతో వెనక్కి, రియాక్టర్ వేడిగా లెక్కిస్తారు. సోలార్, పవన, జల విద్యుత్‌లను మాత్రం ఉన్నవున్నట్టు. 50 టెరావాట్ అవర్ల అణు విద్యుత్ నేరుగా లెక్కిస్తే 180 పెటాజౌల్స్, ఆ పద్ధతిలో దాదాపు 545. ఒక రియాక్టర్ మూసి అంతే కరెంటు పవన విద్యుత్ నుంచి తెచ్చారనుకోండి, వాడకంలో ఏ మార్పూ లేకుండానే దేశం ఇంధన పొదుపులో దూసుకెళ్లినట్టు గ్రాఫు చూపిస్తుంది. ప్రైమరీ అంకెలు పక్కన పెట్టి, వినియోగదారుడి దగ్గరికి చేరిన ఫైనల్ ఎనర్జీతో పోల్చమని నా సలహా. ప్రైమరీ తప్పదంటే ఐపీసీసీ వాడే డైరెక్ట్ ఈక్వివలెంట్ పద్ధతి (అణు కరెంటునూ వచ్చినంతే లెక్కించేది) అందరూ పాటించాలి.

మూడోది ఏడాది. మన ఇంధన గణాంకాలు ఏప్రిల్ నుంచి మార్చి దాకా. అంతర్జాతీయ పట్టికల్లో భారత్‌కు 2019 అని రాసి ఉంటే అది 2019-20. బేస్ ఇయర్‌గా 2020ని మాత్రం తీసుకోవద్దు. ఐరాసకు మన నాలుగో ద్వైవార్షిక నివేదిక ప్రకారం ఆ ఏడాది ఉద్గారాలు 2019 కన్నా 7.93 శాతం తగ్గాయి. అది లాక్‌డౌన్ తగ్గుదల. దాన్నే పునాది చేసుకుంటే తర్వాతి పెరుగుదల అంతా విధాన వైఫల్యంలా కనిపిస్తుంది.

నాలుగోది హద్దు, అంటే లెక్కలో ఏవి కలుపుతామన్నది. అదే నివేదికలో 2020కి భూమి, అడవులు కలపకుండా 2,959 మిలియన్ టన్నులు, కలిపితే 2,437. ఏ అంకె నుంచి మొదలుపెడతారో పట్టిక తలమీదే రాయాలి. ఫ్రాన్స్ చట్టంలో తటస్థత అంటే అన్ని గ్రీన్‌హౌస్ వాయువులకూ, అదీ విదేశీ క్రెడిట్లు లేకుండా. 2021లో గ్లాస్గోలో ప్రకటించిన మన 2070 లక్ష్యం ఏయే వాయువులకో విడమర్చలేదు. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ఒక వరుస, అన్ని వాయువులు ఇంకో వరుస, రెండూ నింపండి. మీథేన్ గుణకం (కార్బన్ డయాక్సైడ్‌కు ఎన్ని రెట్లు వేడెక్కిస్తుందన్నది) 25, 28లలో ఏది వాడుతున్నారో ముందే చెప్పుకోండి. పశువులు, వరి ఇంత ఉన్న దేశానికి అది చిన్న విషయం కాదు.

పవన_విద్యుత్

ఒక్క విషయంలో లెక్కలపుస్తకం గారి జాబితాకు చేర్పు. డిస్కౌంట్ రేటు, అంటే రేపటి డబ్బును నేటి విలువకు తగ్గించే వడ్డీలాంటి రేటు, ప్రస్తావనే లేదు. అసలు గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మెగావాట్‌కు 4 కోట్ల రూపాయల సోలార్ ప్లాంటు, 25 ఏళ్ల ఆయుష్షు, 25 శాతం సీయూఎఫ్ (పూర్తి సామర్థ్యంలో ఏడాది సగటున వచ్చే కరెంటు వాటా) అనుకుందాం. ఏడాదికి 21.9 లక్షల యూనిట్లు. 4 శాతం రేటుతో పెట్టుబడి ఖర్చు యూనిట్‌కు 1.17 రూపాయలు, 10 శాతంతో 2.01 రూపాయలు. ప్లాంటు అదే, ఎండ అదే. జపాన్ బృందం 4తో, మీరు 10తో నడిపితే భారత్‌లో సోలార్ ఖరీదైనదని మోడల్ చెబుతుంది. అలాగని అందరికీ ఒకే రేటు రుద్దడం తప్పు, మన దగ్గర అప్పు నిజంగానే ఖరీదు. అందుకే రెండుసార్లు నడపండి: ఉమ్మడి సామాజిక రేటుతో (సమాజం మొత్తం దృష్టితో అనుకున్నది) ఒకసారి, దేశంలో వాస్తవంగా దొరికే అప్పు రేటుతో ఇంకోసారి. రెండింటి మధ్య తేడాయే అంతర్జాతీయ ఫైనాన్స్ గురించి మీ నివేదిక చెప్పగల అత్యంత విలువైన మాట.

రెండో సంగతి టైమ్ స్లైస్‌లు. మీ 12 అంటే నాలుగు రుతువులు, ఒక్కోదానికి పగలు, రాత్రి, పీక్ అయి ఉంటాయి. అందులో మధ్యాహ్నం 12 గంటలూ సాయంత్రం 5 గంటలూ ఒకే గంపలో పడతాయి. సూర్యాస్తమయం వేళ సోలార్ పడిపోవడం, అప్పుడే గిరాకీ ఎగబాకడం మోడల్‌కు కనిపించదు. దాంతో స్టోరేజీకి విలువ ఉండదు. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు (నీటిని పైకి తోడి, మళ్లీ వదిలి కరెంటు తీసేవి) ఆరున్నాయి. 12 స్లైస్‌ల మోడల్‌లో అలాంటి యూనిట్లు దండగ పెట్టుబడిగా తేలతాయి. కనీసం నాలుగు రుతువులకు 24 గంటల చొప్పున 96 స్లైస్‌లు పెట్టండి. మోడల్ నడవడానికి పట్టే సమయం బాగా పెరుగుతుంది, భరించక తప్పదు. లేదా పైప్సా లాంటి గ్రిడ్ మోడల్‌లో 8,760 గంటలూ విడిగా నడిపి, కరెంటు ఎక్కడ చాలలేదో చూసి ఆ పరిమితిని టైమ్స్‌లోకి తిరిగి ఇవ్వండి.

వ్యవసాయ కరెంటుకు విదేశీ టెంప్లేట్లలో ఒక్కటే వరుస ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో రైతుకు పగటిపూట 9 గంటల కరెంటు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలు. మొదటి పద్ధతిలో ఆ లోడు సోలార్ గంటల మీదే కూర్చుంటుంది. రెండోదాంట్లో ఎప్పుడు నడవాలో మోటారు దగ్గరే తేలుతుంది. రెండింటికీ ఒకే లోడు వంపు ఇస్తే ఎంత స్టోరేజీ కావాలో తప్పుగా వస్తుంది. టెంప్లేట్‌లో లేకపోయినా మీ మోడల్‌లో విడదీసి పెట్టుకోండి.

తుంగభద్ర_తీరం

చాలా పనికొచ్చింది, ముగ్గురికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. జపాన్ ముసాయిదాలో హైడ్రోజన్, అమ్మోనియా దిగుమతులు పెద్దగానే కనిపిస్తున్నాయి. మా సినారియోలో భారత్ ఎగుమతి చేస్తుంది. ఫ్రాన్స్ సొంతంగా తయారు చేసుకుంటుంది. వీటిని సరిచూడటం మా బాధ్యతేనా?

లెక్కలపుస్తకం

మీ ముగ్గురి బాధ్యత. జాతీయ దారులన్నీ విడివిడిగా నిలబడి, కలిపితే కూలిపోయేది ఇక్కడే. హైడ్రోజన్‌కు దిగుమతిదారులే ఎక్కువైతే ప్రపంచంలో అమ్మేవాడు ఉండడు. స్టీల్‌లో దీనికి తిరగబడ్డ బొమ్మ: ప్రతి దేశమూ తన ఎగుమతులు పెరుగుతాయని రాసుకుంటుంది.

పని ఇలా చేయండి. మొదటి రౌండు ఫలితాలు రాగానే వాణిజ్య పట్టిక ఒకటి విడిగా కట్టండి. హైడ్రోజన్, అమ్మోనియా, బయోమాస్, స్టీల్, కరెంటు వరుసలు. ప్రతి వరుసలో ఎగుమతులు, దిగుమతులు, ఐదేళ్లకోసారి. మూడు దేశాల మొత్తం సున్నా కానక్కర్లేదు, మిగతా ప్రపంచం ఉంది. కానీ లోటు ఏ దేశం నుంచి ఏ ధరకు పూడుతుందో ఎవరో ఒకరు రాయాలి. ఆ ధరను రెండో రౌండులో అందరి మోడళ్లకూ ఇవ్వండి. మామూలుగా దిగుమతులు అక్కడే తగ్గుతాయి.

భారత్ వైపు ఎగుమతి హైడ్రోజన్‌కు వాడే కరెంటు అదనంగా వచ్చిన పునరుత్పాదకమేనా అని చూసుకోండి. కిలో హైడ్రోజన్‌కు 50-55 యూనిట్లు కావాలి. బొగ్గు ఎక్కువున్న మన గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ కరెంటుతోనే చేస్తే కిలోకు 35 కిలోలు దాటుతుంది. సహజవాయువు నుంచి తీసే మామూలు హైడ్రోజన్‌కు ప్లాంటులో వెలువడేది 9-10 కిలోలే.

విశాఖ_కొలిమి

స్టీల్ మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ ఇంధనమూ అవుతుంది, ఖనిజంలోంచి ఆక్సిజన్ లాగేదీ అవుతుంది. ఒక బృందం దాని ఉద్గారాలను ఇంధన రంగంలో, ఇంకో బృందం పారిశ్రామిక ప్రక్రియల్లో వేస్తుంది. కొందరు తెలియకుండా రెండింటిలోనూ వేస్తారు. ఫర్నేస్ నుంచి వచ్చే గ్యాస్‌తో ప్లాంటులోనే కరెంటు తీస్తే అది విద్యుత్ రంగంలో మూడోసారి చేరుతుంది. కోక్ ఓవెన్ నుంచి చివరి పొగగొట్టం దాకా కార్బన్ బ్యాలన్స్ వేసి, లోపలికి వచ్చిన కార్బన్ ఒక్కసారే బయటికి పోయిందని చూడండి.

సిమెంటులోనూ ఇదే. సున్నపురాయి కాలినప్పుడు టన్ను క్లింకర్‌కు (సిమెంటుకు ముందు భట్టీలో తయారయ్యే గడ్డలు) 0.52 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, కొలిమిలో ఇంధనం ఏదైనా సరే. భట్టీని పూర్తిగా కరెంటుకో హైడ్రోజన్‌కో మార్చామని ఉద్గారాలు సున్నా చూపించిన సినారియో వస్తే వెనక్కి పంపేయండి.

బొగ్గు_లెక్క

ఫైళ్ల విషయం కూడా చెప్పేస్తాను. ఫలితాలు ఐఏఎంసీ (మోడలింగ్ బృందాల ఉమ్మడి పట్టిక నమూనా) రూపంలో పెట్టుకోండి: మోడల్, సినారియో, ప్రాంతం, వేరియబుల్, యూనిట్ వరుసగా, ఆ తర్వాత ఏళ్లు. పయామ్ అనే పైథాన్ ప్యాకేజీ ఆ పట్టికను చదివి, రంగాలవారీ అంకెల మొత్తం పైన రాసిన మొత్తానికి సరిపోతోందో లేదో చెప్పేస్తుంది. ప్రతి అప్‌లోడ్‌కూ ఈ తనిఖీ తప్పనిసరి అని ఒప్పందంలోనే రాసుకోండి.

లైసెన్సు కూడా ఇప్పుడే మాట్లాడాలి. టైమ్స్ కోడ్ తెరిచే ఉంది గానీ నడపడానికి గ్యామ్స్ అనే సాఫ్ట్‌వేర్, దానికి సాల్వర్ (సమీకరణాలు పరిష్కరించే ప్రోగ్రామ్) కొనాలి. విద్యార్థులు, రాష్ట్ర అధికారులు ఫలితాన్ని మళ్లీ నడిపి చూడాలంటే ఓసెమోసిస్ అనే ఉచిత మోడల్‌లో చిన్న రూపం ఒకటి పక్కన ఉంచండి, దానికి ఉచిత సాల్వర్లు చాలు. కంపెనీల నుంచి గోప్యత షరతుతో తెచ్చిన ప్లాంటు డేటా మీ దగ్గర ఉంటే దాన్ని పంచుకునే ఫోల్డర్‌లో అసలు పెట్టకండి. రాష్ట్రస్థాయి సగటుగా మార్చాకే బయటికి వెళ్లాలి.

సమీక్ష మాత్రం అడ్డంగా జరగాలి: ఫ్రాన్స్ ముసాయిదాను మీరు, మీది జపాన్ వాళ్లు, వాళ్లది ఫ్రాన్స్ వాళ్లు. ముగ్గురూ ఒకేసారి ఇన్‌పుట్‌లు ఫ్రీజ్ చేసి, వెర్షన్ నంబరు వేసి, ఆ తర్వాతే ఒకరివి ఒకరు తెరవండి. లేకపోతే మీరు వ్యాఖ్య రాసేలోపు అవతల అంకె మారిపోయి ఉంటుంది.