జాఫ్నా ఎంఐ-8 మోడల్‌కు తూటా రంధ్రాలు పెట్టాలా, వద్దా?

మురళి_కిట్స్:
జ్వెజ్డా కంపెనీ వాళ్ళ 1/72 (అసలు సైజులో 72వ వంతు) ఎంఐ-8 హెలికాప్టర్ బొమ్మ కిట్ మొదలుపెట్టాను. 1987 అక్టోబరు 11 రాత్రి శ్రీలంకలో జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో మన పారా కమాండోలను, సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లను దింపిన హెలికాప్టర్లు ఉన్నాయి కదా, వాటిలో ఒకదానిలా చేద్దామని. ఎల్‌టీటీఈ (తమిళ టైగర్లు) కాల్పుల్లో వాటికి బాగా తూటాలు తగిలాయి కాబట్టి పిన్ వైస్‌కి (చేత్తో తిప్పే చిన్న డ్రిల్ పిడి) 0.5 మి.మీ. డ్రిల్ పెట్టి తోక మీద, తలుపు పక్కన రంధ్రాలు వేద్దామనుకుంటున్నాను. మా నాన్నగారు అప్పుడు ఎయిర్‌ఫోర్స్ టెక్నీషియన్‌గా అక్కడే ఉన్నారు. దసరాకి హాల్లో పెడతాను. ఏమంటారు?

సీను_సికింద్రాబాద్:
పెట్టు బ్రో. లేకపోతే షోరూంలో కొత్త బండిలా ఉంటుంది.

పలాలి_ఫిట్టర్:
వద్దు. నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌ని, అంటే మెషిన్ బాడీ రిపేరు చేసేవాణ్ణి. ఆ రోజుల్లో ఆ హెలికాప్టర్లు లేచిన పలాలి బేస్‌లోనే ఉన్నాను. మళ్ళీ ఎగరడానికి పంపే మెషిన్‌లో రంధ్రం ఉండనిచ్చేవాళ్ళం కాదు. చుట్టూ చిరిగిన రేకు కత్తిరించి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, పైన అల్యూమినియం అతుకు పెట్టి రివెట్లు కొట్టి, తుప్పు పట్టకుండా జింక్ క్రోమేట్ పూసి పంపేవాళ్ళం. టార్చి నోట్లో పెట్టుకుని చేసిన పని అది. మీరు డ్రిల్ పెట్టి రంధ్రం వేస్తే మా పని చెరిపేసినట్టే.

తోక_రోటర్:
రంధ్రాల సంగతి తర్వాత, తోక రోటర్ ఎటువైపు బిగిస్తున్నారు? ఎంఐ-8కి కుడివైపు, దాని తర్వాతి రకం ఎంఐ-17కి ఎడమవైపు. మన దగ్గర చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

మురళి_కిట్స్:
@పలాలి_ఫిట్టర్ సార్, మీ సర్వీసు మీద గౌరవం ఉంది. కానీ నేను చూపిస్తున్నది రిపేరు తర్వాత కాదు, ఆ రాత్రి ల్యాండింగ్ నుంచి వచ్చిన క్షణం. అప్పుడు రంధ్రాలు ఉన్నాయి కదా? ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తే తప్పేంటి?

పలాలి_ఫిట్టర్:
ఉన్నట్టు అంటున్నారు కాబట్టి లెక్క వేయండి. 7.62 మి.మీ. తూటా రంధ్రం 1/72లో 0.1 మి.మీ., సూది మొనతో గుచ్చినా అంతకంటే పెద్దదే పడుతుంది. మీ 0.5 డ్రిల్ రంధ్రం అసలు సైజులో 36 మి.మీ., అంటే ఫిరంగి గుండు దూరినట్టు. చూసేవాడికి భయం పుట్టాలని మీరు పెంచుతున్నారు.

సీను_సికింద్రాబాద్:
లెక్క కరెక్టే.

వనజ_కె:
నేను మోడల్స్ చేయను, మా తమ్ముడు చేస్తాడని ఇక్కడ చదువుతుంటాను. మా నాన్న ఆర్మీ, శ్రీలంక వెళ్ళొచ్చారు. తర్వాత ఎప్పుడో పెన్షన్ కాగితాల కోసం ఒక కౌంటర్ దగ్గర నిలబడితే అక్కడి కుర్రాడు "శ్రీలంకలో మనకి యుద్ధం ఎప్పుడైందండీ?" అన్నాడట. దాదాపు 1,200 మంది మనవాళ్ళు పోయారు అక్కడ. ఆ యూనివర్సిటీ మైదానంలో దిగిన సిక్కు ప్లటూన్ 30 మందిలో 29 మంది చనిపోయారు, ఒక్కడు పట్టుబడ్డాడు. ఇవి ఎవరికీ తెలియవు. రంధ్రాలు 0.1 అయితేనేం, 0.5 అయితేనేం, పెద్దవే పెట్టండి. ఎవరో ఒకరు ఇదేంటని అడుగుతారు.

తోక_రోటర్:
1987కి ఎంఐ-17లు కూడా మన దగ్గరకి వచ్చేశాయి కాబట్టి కన్‌ఫ్యూజన్ సహజమే. డబ్బాలో ఏది ఉందో చెప్పండి, ఫోటో అయినా పెట్టండి.

పలాలి_ఫిట్టర్:
వనజ గారూ, మీ నాన్నగారికి జరిగింది నాకూ జరిగింది, కాదనను. కానీ ఆ బొమ్మ వెళ్ళేది ఎగ్జిబిషన్‌కి కాదు, ఒక పెద్దాయన రోజూ కాఫీ తాగే హాల్లోకి. ఆయన్ని అడిగారా మురళీ?

మురళి_కిట్స్:
మా ఇంట్లో ఏం పెట్టుకోవాలో మీరు చెప్పక్కర్లేదు సార్. బాధగా ఉంటే ఈ థ్రెడ్ చూడకండి.

పలాలి_ఫిట్టర్:
నువ్వు పుట్టకముందు నేను ఆ తోక కింద పడుకున్నవాణ్ణి. చూడొద్దని నాకు చెబుతున్నావా? ఫెవిక్విక్ వాసన తప్ప నీకేం తెలుసు?

వనజ_కె:
ఇద్దరూ కొంచెం ఆగండి, దయచేసి.

మురళి_కిట్స్:
ఏం తెలుసా? చెబుతాను. మాది సైనిక్‌పురి దగ్గర. హకీంపేటలో హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ ఉంది కాబట్టి చేతక్ హెలికాప్టర్లు మా డాబా మీదుగానే పోతాయి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, శబ్దం వినపడగానే ఆయన చేతిలో పని ఆపేస్తారు. అది దూరమయ్యేదాకా ఎవరు పిలిచినా పలకరు. అన్నం మధ్యలో అయినా అంతే, ముద్ద చేతిలోనే ఉంటుంది. అమ్మ మమ్మల్ని సైగ చేసి ఆపేది. ఏమైంది నాన్నా అంటే "ఏం లేదు, తిను." మా అక్క పెళ్ళి అయిపోయింది, నాకు పిల్లలు పుట్టారు, ఇంకా "ఏం లేదు, తిను." ఆయన మోసింది ఆయనొక్కడే మోయలేదు, మేమూ మోశాం, ఏం మోస్తున్నామో తెలియకుండా. ఆ రంధ్రాలు చూసి ఆయన కోప్పడినా సరే, ఒక్క మాట బయటికి రావాలి. అందుకే పెద్దవి కావాలి.

సీను_సికింద్రాబాద్:
బ్రో... నాకు ఇదంతా తెలియదు.

పలాలి_ఫిట్టర్:
ఇదీ అసలు సంగతి. మొదటే చెప్పాల్సింది.

నేనూ ఒకటి చెబుతాను. రంధ్రాలు నాకు కష్టం కాదు. రంధ్రానికి అతుకు ఉంది. ఆ సాయంత్రం మైదానంలో దిగబోయే జవాన్లు పలాలిలో వరుసగా కూర్చుని ఉంటే, బీడీ ఉందా అని ఒక కుర్రాడు నన్ను హిందీలో అడిగాడు. లేదన్నాను, జేబులో ఉంది. డ్యూటీలో ఇవ్వకూడదని. మెషిన్లు తిరిగొచ్చాయి. తూటాలు తగిలాక మిగతావాళ్ళను దింపడానికి మళ్ళీ పంపలేకపోయారు. కింద ఉన్నవాళ్ళు కిందే ఉండిపోయారు. మేము అతుకులు వేస్తూ ఉన్నాం. మీ నాన్న ఏం చూశారో నాకు తెలియదు, కానీ టెక్నీషియన్ అయితే తిరిగొచ్చిన క్యాబిన్ చూసే ఉంటారు. ఆ మాట కోసం ఆయన మెదడులో డ్రిల్ పెట్టొద్దు. చెప్పకపోవడం ఆయన హక్కు. మా అబ్బాయికి నేనూ చెప్పలేదు.

మురళి_కిట్స్:
మీ అబ్బాయికి చెప్పనిది ముక్కూమొహం తెలియని మాకు చెప్పారు సార్. మా నాన్న కూడా ఎక్కడో ఎవరికో చెప్పే ఉంటారు. ఇంట్లోవాళ్ళం మేమేం పాపం చేశాం?

పలాలి_ఫిట్టర్:
మీ ముందు రేపు కూర్చుని భోంచేయక్కర్లేదు కాబట్టి చెప్పగలిగాను.

వనజ_కె:
మా నాన్న పోయాక ట్రంకు పెట్టె తెరిస్తే అందులో ఆయన మ్యాప్ ఒకటి దొరికింది, మీద పెన్సిల్ గుర్తులు. దాని అర్థం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు ఇప్పుడు. హక్కు సంగతి సరే సార్, మిగిలినవాళ్ళ సంగతేంటి?

తోక_రోటర్:
మురళి గారూ, అతుకు వేయాలంటే వంటింటి ఫాయిల్ వాడండి. పది సెంటీమీటర్ల అతుకు 1/72లో 1.4 మి.మీ. వస్తుంది. చుట్టూ ఎండకి వెలిసిన రంగు, అతుకు మీద కొత్త రంగు, కాస్త ముదురుగా. ఆ పని చేసినవాళ్ళకి చూడగానే తెలుస్తుంది.

మురళి_కిట్స్:
అది చేస్తాను. రంధ్రాల ఆలోచన మానేశాను. కానీ పెట్టేది హాల్లోనే.

పలాలి_ఫిట్టర్:
అడిగి పెట్టు.

మురళి_కిట్స్:
అడిగితే వద్దంటారు సార్.

పలాలి_ఫిట్టర్:
వద్దంటే వద్దనే.