చోక్ తీస్తే బండి ఆగిపోతోంది: కార్బొరేటర్ నేనే విప్పవచ్చా?

ప్రశ్న (నర్సంపేట నుంచి):

అందరికీ నమస్కారం. నా 2009 నాటి 100 సీసీ బండిని వానాకాలమంతా వాడకుండా పెట్టాను. ఇప్పుడు చోక్ వేస్తేనే స్టార్టవుతోంది, చోక్ తీయగానే ఆగిపోతోంది. ఎక్సలేటర్ పట్టి నడిపితే మాత్రం స్పీడు మీద బాగానే పోతోంది. గాలి స్క్రూ తిప్పితే చాలని ఒకరు, కార్బొరేటరే మార్చాలని ఇంకొకరు అంటున్నారు. ఈ పని నాకు కొత్త. స్వయంగా విప్పవచ్చా?

జవాబు (హనుమకొండ నుంచి):

తప్పకుండా విప్పవచ్చు తమ్ముడూ, కానీ శుభ్రం చేసేదాకా, స్లోలో గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే ఆ గాలి స్క్రూను ట్యూనింగ్ కోసం తిప్పకండి. కార్బొరేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే సన్నని రంధ్రమున్న ముక్కలను జెట్‌లంటారు. ఎక్సలేటర్ బాగా ఇచ్చినప్పుడు పెట్రోల్ ప్రధానంగా మెయిన్ జెట్ ద్వారా, స్లోలో ఉన్నప్పుడు పైలట్ జెట్ ద్వారా వస్తుంది. స్పీడు మీద బాగుండి స్లోలో ఆగిపోతోందంటే పైలట్ జెట్ మూసుకుపోయిందనే మొదట అనుమానించాలి. నెలల తరబడి నిలిచిన పెట్రోల్ ఆవిరై జిగురు మిగులుతుంది. పైగా ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా కలిసే ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కనుక బౌల్ (కార్బొరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున నీరు చేరే అవకాశం కూడా ఉంది. కార్బొరేటర్ మార్చవలసిన అవసరం నాకైతే కనబడటం లేదు.

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్ ఒకసారి చూసుకున్నాక, ఆరుబయట, పొయ్యికి దూరంగా పని మొదలుపెట్టండి. పెట్రోల్ కాక్ కట్టేసి, బౌల్‌లోని పెట్రోల్ ఒక గాజు సీసాలోకి దించండి. నీరుంటే అడుగున వేరుగా కనిపిస్తుంది. విప్పే ప్రతి దశలో ఫోన్‌తో ఫోటో తీసుకోండి. పైలట్ జెట్ ఇత్తడిది, మెత్తగా ఉంటుంది కనుక గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి. తీసిన జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. అర మిల్లీమీటరు కంటే సన్నని ఆ రంధ్రంలో గుండ్రని వెలుగుచుక్క స్పష్టంగా కనిపించాలి, మసకగా ఉన్నా, ఒక పక్కకు తెగినట్టున్నా జిగురు ఇంకా ఉన్నట్టే. కార్బ్ క్లీనర్ కొట్టి కాసేపు నాననిచ్చి, పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి పట్టించండి. సూది, గుండుసూది మాత్రం గుచ్చవద్దు. రంధ్రం ఒక్కసారి పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. జెట్ బిగించే దారికి కూడా గాలి కొట్టాలి, చాలామంది అది మరిచిపోయి జెట్ ఒక్కటే కడుగుతారు. రబ్బరు రింగులకు క్లీనర్ తగలనీయకండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి.

శుభ్రం చేయడానికి గాలి స్క్రూ తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి, ఆగేదాకా మాత్రమే తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో రాసిపెట్టుకోండి. బలవంతంగా బిగిస్తే దాని కొన, అది కూర్చునే చోటు రెండూ దెబ్బతింటాయి. తిరిగి బిగించేటప్పుడు అన్ని చుట్లే వెనక్కి తీయండి.

ట్యూనింగ్ ఇంజన్ బాగా వేడెక్కిన తర్వాతే చేయాలి. ఐడ్లింగ్ స్క్రూతో (ఎక్సలేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగాన్ని సరిచేసేది) వేగం కాస్త పెంచి, గాలి స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కొన్ని క్షణాలు ఆగి శబ్దం వినండి. ఇంజన్ అన్నిటికంటే చురుగ్గా, నిలకడగా తిరిగే చోట ఆపి, ఐడ్లింగ్ తగ్గించుకోండి. ఎటు తిప్పినా శబ్దంలో మార్పే లేదంటే పైలట్ దారి ఇంకా తెరుచుకోలేదని అర్థం. అప్పుడు మళ్ళీ విప్పవలసిందే.

ప్రశ్న (నర్సంపేట నుంచి):

చాలా ధన్యవాదాలు అన్నా. మీరు చెప్పినట్టే చేశాను, చోక్ లేకుండా స్లోలో చక్కగా నిలబడుతోంది. కానీ బండి నిలిపి ఉంచితే కింది పైపు నుంచి పెట్రోల్ చుక్కలుగా కారుతోంది.

జవాబు (హనుమకొండ నుంచి):

కాక్ వెంటనే కట్టేయండి. బౌల్‌లో పెట్రోల్ మీద తేలే ఫ్లోట్ పైకి లేచినప్పుడు, ఫ్లోట్ నీడిల్ అనే చిన్న సూది పెట్రోల్ దారిని మూస్తుంది. ఆ నీడిల్ కూర్చునే చోట నలుసు చిక్కి ఉంటుంది, లేదా ఫ్లోట్‌ను పట్టి ఉంచే పిన్ను సరిగ్గా పడలేదు. బౌల్ ఒక్కటే విప్పితే సరిపోతుంది. నీడిల్ కొన చుట్టూ గాడి పడి ఉంటే తుడిచి లాభం లేదు, కొత్తది వేయండి. ఆ నలుసు తుప్పు రంగులో ఉంటే అది ట్యాంకు నుంచి వచ్చింది కాబట్టి కాక్‌లోని జాలీ కూడా తీసి కడగండి, లేకపోతే జెట్ మళ్ళీ మూసుకుపోతుంది.