లేకాక్: ఊరంతా ఒకే యజమాని చేతిలో ఉండడం మేలా, కీడా?

ఏవన్‌తీరం

గత ఆదివారం ఇంటిల్లిపాదీ ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ జిల్లాలోని లేకాక్‌కు వెళ్ళివచ్చాము. చిప్పెన్‌హామ్‌కు దక్షిణంగా ఐదు కిలోమీటర్ల దూరంలో, ఏవన్ నదికి పడమటి ఒడ్డున ఉన్న ఈ ఊరికి చెప్పుకోదగ్గ వీధులు నాలుగే. ఊరికీ నదికీ మధ్య ఉన్న పచ్చిక బయళ్ళలో, 1232లో సాలిస్‌బరీ కౌంటెస్ ఎలా స్థాపించిన సన్యాసినుల మఠం ఉంది (ఆవిడ పేరే ఎలా, నేను ప్రశ్న వేయడం లేదు). 1539లో ఎనిమిదో హెన్రీ హయాంలో మఠం మూతపడ్డాక విలియం షారింగ్టన్ దానిని కొని, చర్చి భాగాన్ని పడగొట్టి, మిగిలినదానిని తన నివాసంగా మార్చుకున్నాడు. ఆ ఇంటిలోనే 1835 ఆగస్టులో, ఆ ఇంటి అప్పటి యజమాని, ఫొటోగ్రఫీ ఆద్యులలో ఒకడైన ఫాక్స్ టాల్బట్ ఒక కిటికీని ఫొటో తీశాడు. నేడు ప్రపంచంలో మిగిలి ఉన్న ఫొటో నెగెటివ్‌లలో అదే అతి పాతది.

1944లో టాల్బట్ మనవరాలు మటిల్డా టాల్బట్ మఠాన్నీ, ఊరు మొత్తాన్నీ కలిపి, చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థకు దానం చేశారు. అప్పటినుండి ఇళ్ళు దాదాపు అన్నీ ట్రస్టువే, ఉండేవారు దాదాపు అందరూ అద్దెకున్నవారే. కర్రచట్రాల ఇళ్ళు, రాతి ఇళ్ళు, ఇటుక ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడినట్లుంటాయి. పైన తీగలు లేవు, కప్పుల మీద యాంటెన్నాలు లేవు. సినిమావాళ్ళు వస్తే తారు మీద కాస్త మట్టి పరిస్తే చాలు, పాత శతాబ్దం సిద్ధంగా ఉంటుంది. ఎవరి ఇల్లు వారిదే అయివుంటే ఈ ఎనభై ఏళ్ళలో ఒకరు ప్లాస్టిక్ కిటికీ పెట్టేవారు, మరొకరు వాకిలి పగులగొట్టి గ్యారేజి కట్టేవారు. కాదనగల యజమాని ఒక్కరు ఉండబట్టే ఊరు దక్కిందని నా అభిప్రాయం. మీరేమంటారు?

లెక్కలమాస్టారు

"ఊరు మొత్తం" అన్న మాట తప్పు, "దాదాపు మొత్తం" అని సవరించండి. వీధి చివర ఉన్న సెయింట్ సిరియాక్ చర్చి ట్రస్టుది కాదు, అది ఇంగ్లండ్ చర్చికి చెందిన స్థానిక (పారిష్) చర్చి. దానం చేసేవారు తమది కానిదానిని దానం చేయలేరు.

పార్కింగ్‌బాధితుడు

ఇలాంటి ఒక ఊరిలోనే పదకొండు నిమిషాలు ఆలస్యమైనందుకు నా చేత వంద పౌండ్లు కట్టించారు. అందాన్ని కాపాడడానికి ఆ డబ్బు ఎంతవరకు ఉపయోగపడిందో ఎవరైనా చెప్పగలరా?

తడిగోడ

ఏవన్‌తీరం గారూ, మీరు వర్ణించినది కిటికీకి బయటివైపు. నేను ఐదేళ్ళుగా కిటికీకి లోపలివైపు ఉంటున్నాను. లేకాక్‌లో కాదు, ఇదే జిల్లాలో మరొక పల్లెలో, రెండు వందల ఏళ్ళ నాటి లిస్టెడ్ (చారిత్రక విలువ ఉందని ప్రభుత్వం రక్షిత జాబితాలో చేర్చిన) రాతి ఇంటిలో అద్దెకుంటున్నాము. ఒంటి అద్దం కిటికీలు, అంగుళం ఖాళీతో మూసుకునే తలుపులు, ఉత్తరపు గోడకు నవంబరు నుండి మార్చి వరకు ఆరని చెమ్మ. మా అబ్బాయి మంచం పక్కన గోడను ప్రతి శనివారం తుడిస్తే బుధవారానికి మళ్ళీ బూజు పడుతుంది. డబుల్ గ్లేజింగ్ వేయించమని అడిగిన ప్రతిసారీ ఇంటి యజమాని "ఇది లిస్టెడ్ భవనం, నా చేతిలో లేదు" అంటారు. 1990 నాటి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లిస్టెడ్ భవనం స్వరూపాన్ని మార్చడం నేరమన్నది నిజమే. అయితే ఆ నేరభయం అద్దెకున్నవారి మీద ఎలా వాడుకోబడుతుందో కూడా తెలుసుకుని మాట్లాడాలి. కాదనగల యజమానిని మీరు పొగుడుతున్నారు. కాదనిపించుకునే మనిషి గురించి మీ రాతలో ఒక్క వాక్యం కూడా లేదు.

ఏవన్‌తీరం

తడిగోడ గారి ఇబ్బంది నాకు అర్థమైంది, కానీ అది చట్టం తప్పు కాదు, ఆ యజమాని బద్ధకం. పాత కిటికీకి లోపలివైపు విడిగా రెండో అద్దపు చట్రం బిగించుకోవడానికి చాలాచోట్ల అభ్యంతరం ఉండదు. పైగా పాత రాతిగోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది, సున్నం పూస్తే గోడ ఊపిరి పీల్చుకుంటుంది. పాత ఇంటిని పాత పద్ధతిలో చూసుకునే యజమాని ఉంటే సగం బాధలు తీరుతాయి. ట్రస్టు లాంటి సంస్థ మేలని నేను అంటున్నది అందుకే. 1907 నాటి చట్టం ప్రకారం ట్రస్టు తన ఆస్తిని అవిక్రయమని ప్రకటిస్తే, పార్లమెంటు ఒప్పుకుంటే తప్ప దానిని స్వచ్ఛందంగా అమ్మడానికి వీలుండదు. రేపు ధర పెరిగిందని ఊరిని బేరం పెట్టే అవకాశమే లేదు.

లెక్కలమాస్టారు

ఇంకా సవరించలేదు. చర్చిని మినహాయించే ఉద్దేశం లేకపోతే కనీసం ఎందుకు మినహాయించడం లేదో చెప్పండి.

చిరుజల్లు

గ్లోస్టర్‌షైర్‌లోని బిబరీలో, 1380 ప్రాంతంలో ఉన్ని గిడ్డంగిగా కట్టి తరువాత నేతపనివారి ఇళ్ళుగా మార్చిన వరుస ముందు, ఒక పెద్దాయన తన పసుపుపచ్చ కారు నిలిపేవారు. ఫొటోలు పాడవుతున్నాయని జనం సణిగారు, తరువాత ఎవరో ఆ కారును ధ్వంసం చేశారు. 2017లో ఆయనకు మద్దతుగా వందదాకా పసుపు కార్లు ఊరేగింపుగా ఆ ఊరికి వచ్చాయి. ఊరివాడి కారు ఊరిలో ఉండకూడదనే స్థితి వచ్చిందంటే ఆ ఊరు ఎవరిదో ఆలోచించండి.

తడిగోడ

ఎవరిదన్నదే నేనూ అడుగుతున్నాను. సున్నం గురించి పాఠం చెప్పినందుకు కృతజ్ఞతలు, కానీ నేను అడిగినది సున్నం కాదు. లేకాక్‌లో ఈనాటికీ బడి ఉంది, బేకరీ ఉంది, పబ్బులున్నాయి, చర్చిలో పెళ్ళిళ్ళు జరుగుతాయి. అక్కడ ఊరంటూ మిగిలిందంటే కర్రచట్రాల వల్ల కాదు, ఆ చట్రాల లోపల పిల్లల్ని బడికి తయారుచేసే తల్లిదండ్రులుండడం వల్ల. వారు తమ ఇంటిని కొనుక్కోలేరు, పిల్లలకు రాసి ఇవ్వలేరు, తమ తలుపుకు నచ్చిన రంగు వేసుకోవాలన్నా అడగాలి. దానిని భాగ్యమని వర్ణించే హక్కు ఆదివారం వచ్చి కేకు తిని వెళ్ళే మనకు లేదు.

ఏవన్‌తీరం

ఆదివారం వచ్చి వెళ్ళేవాడినని నన్ను అనడం భావ్యం కాదు. నేను ఇంగ్లండ్‌లో తొమ్మిదేళ్ళుగా ఒక పల్లెలోనే స్వంత ఇంటిలో ఉంటున్నాను. ఊరి వేసవి సంబరంలో బల్లలు మోశాను, పారిష్ కౌన్సిల్ (ఊరి పంచాయతీ లాంటిది) సమావేశాలకు చలిలో నడిచి వెళ్ళాను. నిజం చెప్పాలంటే ఊరి బాగోగులు ఊరిలో వేరు దిగినవారికే తెలుస్తాయి. అద్దెకున్నవారు రెండేళ్ళకో మూడేళ్ళకో ఖాళీ చేసి వెళ్ళిపోతారు, మిగిలినదానితో బతకవలసినది మేము.

పార్కింగ్‌బాధితుడు

అబ్బో.

తడిగోడ

"మేము" అన్న మాట చివరికి బయటికి వచ్చింది. ఏవన్‌తీరం గారూ, పోయిన నెల ఇదే వేదికలో మరొక చర్చలో, మీ ఊరి పొలిమేర పొలంలో నలభై ఇళ్ళు కట్టే ప్రతిపాదనకు అభ్యంతరం రాస్తున్నానని మీరే చెప్పారు. ఊరి స్వభావం దెబ్బతింటుందని, వర్షాకాలంలో నీళ్ళు నిలుస్తాయని, బడిలో చోటు చాలదని రాశారు. ఇప్పుడు లేకాక్‌ను ముందు పెట్టి మా అందరి చేత ఔననిపించుకుని దానినే ఆ అభ్యంతరానికి బలంగా వాడుకోదలచినట్లు నాకు తోస్తున్నది. మా యజమాని ఈ వేసవికి ఇల్లు ఖాళీ చేయమన్నారు. మా అబ్బాయి బడి మారకుండా ఉండాలంటే చుట్టుపక్కల పల్లెలలో ఇల్లు దొరకాలి. మాలాంటివారు మూడేళ్ళకో ఐదేళ్ళకో వెళ్ళిపోయేది వేరు దిగక కాదు, వేరు దిగడానికి మీలాంటివారు మట్టి మిగల్చక. తొమ్మిదేళ్ళ కిందట మీరు ఆ ఊరికి వచ్చినప్పుడు ఎవరూ అభ్యంతర పత్రం రాయకపోవడం మీ అదృష్టం.

నిర్వాహకులు

సభ్యులు ఒకరి స్వంత సంగతులను మరొకరు ఎత్తిపొడవకుండా విషయం మీద రాయవలసిందిగా మనవి.

కృష్ణాతుంగ

ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. లేకాక్ ఒక్కదానినే చూస్తే ఈ తగువు తెగదు, అదే విల్ట్‌షైర్‌లో, అక్కడినుండి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, సాలిస్‌బరీ మైదానంలో ఉన్న ఇంబర్‌ను కూడా చూడండి. అదీ లేకాక్ లాగే పాత ఊరు. చుట్టూ ఉన్న భూములనూ ఇళ్ళనూ సైన్యం రెండో ప్రపంచ యుద్ధానికి ముందే ఒకటొకటిగా కొంటూ వచ్చింది. రైతులు, కూలీలు తమ ఇళ్ళలోనే అద్దెకున్నవారయ్యారు. 1943 నవంబరు 1న ఊరివారిని బడిలో సమావేశపరచి నలభై ఏడు రోజులలో ఖాళీ చేయమన్నారు, అమెరికన్ సైనికులకు వీధిపోరాటం నేర్పాలి. యుద్ధం ముగిశాక తిరిగి రావచ్చునని వారు నమ్మారు. రానివ్వలేదు. 1961లో జనం పెద్దయెత్తున అక్కడికి చేరి అడిగినా రానివ్వలేదు. ఈనాటికీ అది శిక్షణ స్థలమే.

తేదీలు గమనించండి. 1943 డిసెంబరులో ఇంబర్ ఖాళీ అయింది, 1944లో లేకాక్ ట్రస్టుకు వెళ్ళింది. రెండు చోట్లా ఊరివారికి ఇంటిమీద హక్కు లేదు, రెండు చోట్లా నిర్ణయించినది యజమాని ఒక్కరే. ఒక యజమాని మంచిది, మరొక యజమానికి తుపాకులు కావాలి. ఊరివారు చేసిన తేడా ఏమీ లేదు. ఏవన్‌తీరం గారు మెచ్చుకుంటున్నది ఏర్పాటును కాదు, మటిల్డా టాల్బట్ గారి మంచితనాన్ని.

నాకు ఇంబర్ మీద ఇంత పట్టింపు ఎందుకో కూడా చెప్పేస్తాను. మా అమ్మమ్మ ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం నీళ్ళు రాకముందే రాయి రాయిగా విప్పి ఆలంపురానికి తీసుకువెళ్ళి తిరిగి కట్టారు, చాలా చక్కగా కట్టారు, నేను చూశాను. ఏ రాయి ఎక్కడ పెట్టాలో వారికి తెలుసు. మా అమ్మమ్మకు ఇరుగుపొరుగుగా ఉన్న ఇళ్ళవారు ఎక్కడెక్కడ ఉన్నారో ఆవిడ పోయేనాటికి కూడా ఆవిడకు తెలియదు.

లెక్కలమాస్టారు

కృష్ణాతుంగ గారు ఇంబర్ గురించి ఒక సంగతి వదిలివేశారు. అక్కడి సెయింట్ జైల్స్ చర్చి సైన్యానిది కాదు. ఇళ్ళు చాలావరకు కూలిపోయి కొన్ని మొండిగోడలే మిగిలినా, చర్చి నిలిచి ఉన్నది, ఏడాదిలో కొన్ని రోజులు తెరుస్తారు కూడా. ఆ ఊరిలో పుట్టి వెళ్ళగొట్టబడినవారిలో కొందరు చనిపోయాక ఆ చర్చి ఆవరణలోనే సమాధి అయ్యారు. బతికుండగా రానివ్వని ఊరికి అలా తిరిగి రాగలిగారంటే, ఊరిలో ఒక్క గుడి, ఒక్క గజం నేల ఆ యజమాని పట్టాలో లేకపోవడమే కారణం. "మొత్తం" అనవద్దని నేను మొదటినుండి అన్నది మాట పట్టింపు కోసం కాదు.

చిరుజల్లు

ఆగస్టులో వార్మిన్‌స్టర్ స్టేషన్ నుండి ఒక రోజు పాత ఎర్ర డబుల్ డెక్కర్ బస్సులు ఇంబర్‌కు నడుస్తాయి. 2009 నుండి నడుపుతున్నారు. వెళ్ళదలచినవారు చెప్పండి.

ఏవన్‌తీరం

రెండు రోజులు సమాధానం రాయలేకపోయాను. మొదటి రాతలో "మొత్తం" అన్నది "దాదాపు మొత్తం" అని సవరించాను. అద్దెకున్నవారి గురించి నేను రాసిన వాక్యం అనవలసినది కాదు, తడిగోడ గారు క్షమించాలి. అయినా ఇంబర్‌ను చూపి నా ఊరి సంగతి తేల్చడానికి నేను ఒప్పుకోను. నలభై ఇళ్ళ ప్రతిపాదన ఎవరినీ వెళ్ళగొట్టకుండా ఊరికి మంచి చేస్తుందన్నది నిరూపించవలసిన విషయమే, నమ్మవలసిన విషయం కాదు. ఆ పొలంలో జనవరిలో మడమలోతు నీళ్ళు నిలుస్తాయి, నేను బూట్లతో నడిచి చూశాను. ఇళ్ళు కట్టాక ఆ నీళ్ళు మా వంటింటి వైపే వస్తాయి. అభ్యంతరాన్ని వెనక్కు తీసుకోవడం లేదు. అయితే బడిలో చోటు చాలదన్న పేరా మాత్రం తీసివేశాను. నిన్న కనుక్కుంటే తెలిసింది, మా బడిలో రెండు తరగతులను పిల్లలు చాలక కలిపి నడుపుతున్నారు.

తడిగోడ

క్షమాపణ అందింది. నీళ్ళ విషయంలో మీ మాట నిజమే కావచ్చు. అది నిజమైతే కాలువ తవ్వించమని రాయాలి గానీ ఇళ్ళే వద్దని రాయడమెందుకో నాకింకా అర్థం కాలేదు. మీ అభ్యంతరంలో మిగిలిన పేరాలకు నా సమాధానం ఇక్కడ రాయను. గడువు ఈ నెలాఖరు దాకా ఉంది, కౌన్సిల్‌కే పంపుతాను.